పిట్ట కొలత

దుకాణంలో దొరికే పంజరం రెండు కాళ్లూ సరిగా ఉన్న పిట్ట కోసం చేసింది. నిలువుగా, ఇరుకుగా ఉంటుంది. పైన గోపురం, మధ్యలో అడ్డంగా ప్లాస్టిక్ కడ్డీలు, వాటి పక్కన ఎత్తులో తగిలించిన గింజల గిన్నె, ఎదురుగా నీళ్ల గిన్నె, అడుగున తీగల నేల, దాని కింద రెట్ట పడే పళ్లెం. పిట్ట అన్నాక కడ్డీని పట్టుకుని నిలబడుతుంది, ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి దూకుతుంది, నేలతో దానికి పని పడదు అన్న ఊహ ఆ తీగల్లోనే అల్లుకుని ఉంది. కడ్డీని పట్టుకోలేని పిట్టను అందులో పెడితే గింజలు కళ్లకు కనబడతాయి, ముక్కుకు అందవు. మెత్తటి పొట్ట రోజంతా తీగల మీద ఒరుసుకుంటుంది.

మా ఇంట్లో ఉన్నది అలాంటి పిట్టే. నీలం రంగు బడ్జరిగర్. మా బొగ్గు గనుల ఊరు గోదావరిఖనిలో అందరం వీటిని లవ్‌బర్డ్స్ అనే అంటాం. దీని కాళ్లు ఒంటి కిందికి రావు, చెరో పక్కకు చాపుకుని ఉంటాయి. ఎడమది కొంత నయం, వేళ్లతో గుడ్డను పట్టుకుంటుంది. కుడిది ఊరికే వెంట వస్తుంది. పశువైద్యులు దీన్ని స్ప్లే లెగ్ అంటారు.

యైటింక్లయిన్ కాలనీలో తెలిసినవాళ్లింట పుట్టిందిది. మన దగ్గర ఈ పిట్టల్ని పెంచేవాళ్లు గూడు కోసం మట్టికుండకు పక్కన బొక్క చేసి వేలాడదీస్తారు. కుండ అడుగు గుండ్రంగా ఉండటంలో ఎంత తెలివి ఉందో దీన్ని చూశాక తెలిసింది. ఆ గుంటలో పిల్లలు ఒకదాన్నొకటి ఒరుసుకుని పడుకుంటాయి, కాళ్లు వాటంతటవే ఒంటి కింద ముడుచుకుంటాయి. ఏమీ పరవని నున్నటి చెక్కపెట్టెలో అయితే లేత కాళ్లకు పట్టు దొరకదు, జారి పక్కలకు పోతాయి. తల్లి తిండిలో కాల్షియం చాలకపోతే పిల్లల ఎముకలు మరీ మెత్తగా ఉంటాయి. మొదటి రెండు మూడు వారాల్లో కనిపెడితే రెండు కాళ్లనూ తగినంత ఎడంలో మెత్తటి టేపుతో కలిపి కట్టి సరిచేయొచ్చు. ఎముక ముదిరాక ఆ వీలుండదు. మా చేతికి వచ్చేసరికి దీనికి ఈకలన్నీ నిండిపోయాయి.

కాళ్లను మార్చలేం కనుక ఇల్లు మార్చాలి. ఆ పని మా నాన్న పెట్టుకున్నాడు. మేం బాపు అంటాం.

బాపు బొగ్గు బాయిలో టింబర్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. బొగ్గు తీసిన చోట కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. ఇప్పుడు కప్పుకు ఇనుప బోల్టులు దిగ్గొడుతున్నారు గానీ ఆయన రోజుల్లో కర్రే ఆధారం. బొగ్గు పొర ఎక్కడా ఒకే మందం ఉండదు, నేల ఒకవైపు వాలి ఉంటుంది. ఈ దుంగ ఇక్కడ సరిపోతే నాలుగడుగుల అవతల సరిపోదు. ఎక్కడికక్కడ కొలవాలి, కోయాలి, పైన పలక పెట్టి సందులో చీలిక కొట్టి బిగించాలి. పిట్ట వచ్చిన రోజున నేను ఫోన్‌లో పంజరాల ధరలు చూస్తూ కూర్చున్నాను. ఆయన దాన్ని చాప మీద వదిలి, తానూ పక్కన ఒరిగి, ఎటు తిరుగుతోంది, ఎక్కడ ఆగుతోంది, ముక్కుతో దేన్ని పట్టుకుంటోంది అని చూస్తూ ఉండిపోయాడు. కొందామా అని అడిగితే, "దుంగను కప్పుకు కొలిచి కోస్తం గని, కప్పును దుంగకు కోస్తమా బిడ్డా?" అన్నాడు.

పిట్టను కొలిచి కట్టిన ఇల్లు ఇలా వచ్చింది. బారెడు పొడవు, మూరెడు వెడల్పు, జానెడున్నర ఎత్తు. ఎత్తు ఎందుకు తక్కువంటే, కాళ్లలో పట్టులేని పిట్ట పడుతుంది. తీగలు పట్టుకుని ముక్కుతో పైకి పాకుతుంది, అలసిపోయి వదిలేస్తుంది. ఎక్కడం మాన్పించాలని చూస్తే పిట్టలో మిగిలిన పిట్టతనమే పోతుంది. పడటాన్ని ఆపలేం, ఎంత ఎత్తు నుంచి పడుతుందన్నది మన చేతిలో ఉంది. ఈ ఒక్క సంగతి తెలిస్తే మిగతా అమరికంతా దాన్నిబట్టే తేలిపోతుంది.

నేల మీద ముందు న్యూస్‌పేపరు, దానిపైన మెత్తటి పాత లుంగీ గుడ్డ మడతలు. టర్కీ తువ్వాల పనికిరాదు, దాని దారపు ఉంగరాల్లో గోరు చిక్కుకుంటే గుంజుకుని వేలు విరగ్గొట్టుకుంటుంది. ఒట్టి కాగితం మీద జారుతుంది. గుడ్డ రోజూ మార్చాలి. మామూలు పిట్ట రెట్ట వేసి పక్కకు జరుగుతుంది, ఇది అందులోనే కూర్చుంటుంది. తోక కింద అంటుకుని గట్టిపడితే దారి మూసుకుపోయి ప్రాణం మీదికొస్తుంది. అందుకే ప్రతి పొద్దునా గోరువెచ్చని నీళ్లలో దూది ముంచి తుడవాలి. ఒత్తిడి పడే మడమ దగ్గర, రొమ్ము ఎముక మీద చర్మం ఎర్రబడిందేమో చూడాలి. బరువు తూచాలి. బడ్జరిగర్ మొత్తం బరువు 30 నుంచి 40 గ్రాములు. మూడు నాలుగు గ్రాములు తగ్గితే ఒంట్లో పదో వంతు పోయినట్టే. వేటకు గురయ్యే జాతి కనుక జబ్బును చివరిదాకా దాచుకుంటుంది, బాగున్నట్టే కనిపిస్తుంది. దానికి బాగాలేదని మనకంటే ముందు వంటింటి త్రాసు చెబుతుంది. ఈ చిన్న పనుల్లో రోజూ ఒక అరగంట పోతుంది. పంజరం గురించి ఎంత అందంగా రాసుకున్నా ఆ అరగంట లేకపోతే ఆ పిట్ట బతకదు.

గిన్నెలు లోతు లేనివి, బరువైనవి, నేల మీదే, ఒకటి కాదు నాలుగు చోట్ల. కొర్రలు, సజ్జలు, కొంచెం కొత్తిమీర, మునగాకు. ఎముకల కోసం సముద్రపు నురుగు అని అమ్ముతారే, ఆ తెల్లటి ముక్క ఒకటి తీగకు కట్టకుండా నేల మీదే పెట్టాం. నీళ్ల గిన్నెలో నున్నటి గులకరాళ్లు వేశాం, జారి అందులో బోర్లా పడినా ముక్కు పైన ఉండేలా.

ఇక బాపు ఎక్కువ మనసు పెట్టి చేసింది వాలు పలక. పంజరంలో ఒక మూల బెత్తెడు ఎత్తున చదునైన అరుగు కట్టి, దాని మీదికి సన్నటి పలకను ఏటవాలుగా వేశాడు. గోదావరిఖనిలో పుట్టినవాళ్లకు దాన్ని ఏమనాలో చెప్పక్కర్లేదు. గనిలోకి దిగే వాలు దారిని ఇంక్లైన్ అంటారు, మా ఇంట్లో ఇదీ ఇంక్లైనే. పలక మీద అడ్డంగా జామ పుల్లలు బిగించాడు. మొదట పుల్లలు దూరదూరంగా పడ్డాయి, పిట్ట సగంలో ఆగిపోయింది. వాటిని ఊడదీసి, పిట్ట ముక్కు చాపితే ఎంత దూరం అందుతుందో చూసి అంతే ఎడంలో మళ్లీ బిగించాడు. అప్పుడు ఎక్కింది. ముందు ముక్కుతో పుల్లను కరిచి పట్టుకుంది, ఒంటిని లాగింది, ఎడమ కాలును ఆనించింది, మళ్లీ ముక్కు.

చిలుక జాతికి ముక్కు కాలులా కూడా పనిచేస్తుందని తర్వాత చదివాను. 2022లో న్యూయార్క్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ పరిశోధకులు ఆఫ్రికా లవ్‌బర్డ్స్‌ను నిలువు పలక మీద ఎక్కించి, ముక్కు ఎంత బలంతో ఒంటిని లాగుతోందో కొలిచారు. కాళ్లు చేసే పనితో సమానంగా ముక్కు చేస్తోందని తేలింది. అంటే రెండు కాళ్లూ సరిగా ఉన్న చిలుక కూడా ఎక్కేటప్పుడు మూడు కాళ్ల జీవి. మా పిట్టకు కాళ్లు రెండూ దాదాపు పోయి ముక్కు మిగిలింది. ఆ మిగిలినదాన్ని చూసే ఇల్లు కట్టాలి. లేనిదాన్నే చూస్తూ ఉంటే మనకు జాలి ఒక్కటే పుడుతుంది, జాలితో ఇంక్లైను కట్టలేం.

న్యూజిలాండ్‌లో బ్రూస్ అనే కియా చిలుక ఉంది. 2013లో పిల్లగా ఉన్నప్పుడు దొరికింది, పైముక్కు లేదు. పైముక్కు లేని చిలుక ఈకలు దువ్వుకోలేదు. దువ్వుకోకపోతే దుమ్ము, పురుగు చేరతాయి. క్రైస్ట్‌చర్చ్ దగ్గర విల్లోబ్యాంక్ సంరక్షణ కేంద్రంలో దానికి మెత్తటి తిండి పెట్టి పోషించారు. అక్కడే బ్రూస్ తనంతట తాను ఒక ఉపాయం కనిపెట్టింది. చిన్న గులకరాయి ఏరుకుని, నాలుకకూ కిందిముక్కుకూ మధ్య బిగించి, దాంతో ఈకల్ని దువ్వుకుంటుంది. రాయి జారిపడితే మళ్లీ ఏరుకుంటుంది. అక్కడున్న మిగతా కియా చిలుకలేవీ ఆ పని చేయలేదు. శాస్త్రవేత్తలు దీన్ని 2021లో ప్రచురించారు. నాకు ఇందులో ముఖ్యమనిపించింది ఒకటి: ఆ ఆవరణలో గులకరాళ్లు ఉన్నాయి. శుభ్రత పేరుతో నేలంతా సిమెంటు చేసి ఉంటే బ్రూస్ తెలివి బయటపడేదే కాదు. అందుకే మా పంజరంలో ఒక మూలను మేం సర్దం. ఎండు ఆకులు, చింపిన కాగితం, వేప పుల్లలు, గులకరాళ్లు అలా పడి ఉంటాయి. వాటితో ఏం చేసుకుంటుందో దాని ఇష్టం.

గాలి సంగతి వేరే చెప్పాలి, అందులోనూ మా ఊళ్లో. పక్షి ఊపిరితిత్తుల్లో గాలి ఒకే దిక్కున సాగుతుంది. లోపలికి పీల్చినప్పుడూ బయటికి వదిలినప్పుడూ, గాలి సంచుల పుణ్యమా అని, కొత్త గాలి తగులుతూనే ఉంటుంది. ఎగరడానికి కావలసిన ఆ ఏర్పాటే విషవాయువును కూడా మనకంటే చాలా ముందు దానికి ఎక్కిస్తుంది. నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే వాసన మనకు తలనొప్పి తెస్తే పంజరంలో పిట్ట నిమిషాల్లో పోవచ్చు. మా చిన్నప్పుడు క్వార్టర్లలో సాయంత్రం ప్రతి ఇంటి ముందూ బొగ్గు పొయ్యి రాజుకునేది, వీధి కనపడేది కాదు. ఆ రోజుల్లో ఇలాంటి పిట్టను కాపాడుకోవడం కష్టం. ఇప్పుడు పంజరం వంటింటికి దూరంగా, వెనక గదిలో, బొగ్గు దుమ్ము రాని వైపు కిటికీ పక్కన ఉంది. మే నెలలో మా రామగుండం ఎండ ఒక్కోసారి 45 డిగ్రీలు దాటుతుంది, అప్పుడు కూలర్ గాలి నేరుగా తగలకుండా తడిగుడ్డ కట్టిన కిటికీ వైపు జరుపుతాం. చలికాలంలో ఒక వైపు మాత్రమే బల్బు, వేడి ఎక్కువైతే అవతలి వైపు పాకి పోవడానికి వీలుగా. ఓపెన్ కాస్ట్ గనిలో పేలుడు వేళకు కిటికీ అద్దాలు గలగలమంటాయి, పిట్ట ఉలిక్కిపడి రెక్కలు కొట్టుకుంటుంది. పక్కల గుడ్డ చుట్టలు పెట్టింది అందుకే.

బొగ్గుకూ పిట్టకూ పాత సంబంధం ఉంది. బ్రిటన్ గనుల్లో కార్బన్ మోనాక్సైడ్‌ను కనిపెట్టడానికి కానరీ పిట్టలను దించేవారు. వాసన, రంగు లేని ఆ వాయువుకు మనిషి కంటే ముందు చిన్న పిట్ట పడిపోతుందని చెప్పింది జాన్ స్కాట్ హాల్డేన్ అనే శాస్త్రవేత్త. 1911 నుంచి 1986 దాకా ఆ పద్ధతి సాగింది. పిట్ట పడిపోతే మనుషులు పారిపోయేవారు అన్నంతవరకే చాలామందికి తెలుసు. మాంచెస్టర్‌లోని సైన్స్ అండ్ ఇండస్ట్రీ మ్యూజియంలో ఇంకో వస్తువు ఉంది. గుండ్రటి కిటికీ ఉన్న లోహపు పంజరం, పైన పిడిగా చిన్న ఆక్సిజన్ సిలిండర్. పిట్ట తూలగానే కిటికీ మూసి, సిలిండర్ తిప్పితే లోపల ఆక్సిజన్ నిండి అది మళ్లీ లేచేది. బాపుకు దాని ఫొటో చూపించాను. ఆయన జీవితమంతా సేఫ్టీ ల్యాంపు మంటను చూసి గ్యాసును తెలుసుకున్న మనిషి. చాలాసేపు చూసి, "గిది చేసినోడు మనిషి" అన్నాడు. తన ప్రాణం కోసం దించిన పిట్ట ప్రాణానికి కూడా లెక్క చెప్పుకున్న ఆ పనితనం నన్నూ కదిలించింది.

అసలు పంజరమే తప్పు కదా అనేవాళ్లున్నారు. వాళ్ల మాట కొట్టిపారేయను. మన గోదారి ఒడ్డున చెప్పుకునే కథ ఉంది: రామదాసు పూర్వజన్మలో చిలుకను పంజరంలో పెట్టినందుకే గోల్కొండలో 12 ఏళ్లు చెరలో ఉన్నాడని. రామచిలుక విషయంలో ఆ కథకు తోడు చట్టం కూడా ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని ఇంట్లో ఉంచుకోవడం నేరం. పతంగి మాంజాకు రెక్క తెగిన చిలుక దొరికితే అటవీ శాఖకు అప్పగించాలి, ముద్దొచ్చిందని ఉంచుకోకూడదు. బడ్జరిగర్ ఆస్ట్రేలియా పిట్ట. 1840లో పక్షి శాస్త్రవేత్త జాన్ గౌల్డ్ ఇంగ్లండ్‌కు ప్రాణాలతో తెచ్చాక తరతరాలుగా మనుషుల ఇళ్లలోనే పుడుతోంది. ఇక్కడ వదిలేస్తే కాకి తింటుంది, కాళ్లు పనిచేయనిదైతే ఇంకా ముందే. దాన్ని ఇలా పుట్టించింది మనుషులే, కనుక దాని బాధ్యతా మనుషులదే. మా పంజరం తలుపు పగలంతా తెరిచే ఉంటుంది. అది బయటికి వస్తుంది, లోపలికి పోతుంది.

ఒంటికి తగిన చోటు కావలసింది పిట్టకే కాదు. ఈ ఊళ్లో మెడికల్ అన్‌ఫిట్ అనే మాట తెలియని ఇల్లు ఉండదు. నడుము పోయినవాళ్లు, మోకాళ్లు అరిగినవాళ్లు, చూపు తగ్గినవాళ్లు. కొందరికి బాయి దిగే పని పోయి సర్ఫేస్ పని వచ్చింది, కొందరు ఉద్యోగం విడిచి ఇంట్లో కూర్చున్నారు. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే ప్రభుత్వ సంస్థ ఆ మనిషిని తీసేయకూడదు, అదే జీతంతో చేయగలిగిన పనిలోకి మార్చాలి అని 1995 చట్టంలో ఉండేది, దాని స్థానంలో 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టంలోనూ ఉంది. ఒంటిని తప్పుపట్టకుండా పనిని ఒంటికి తగ్గట్టు మార్చమనడమే ఆ నిబంధన సారం. ఇళ్ల విషయంలో మాత్రం అలాంటి మార్పు మా దగ్గర కనబడదు. అరిగిన మోకాళ్లతో మెట్లెక్కే పెద్దమనుషులను మా వీధిలో రోజూ చూస్తాను.

బాపు మోకాళ్లూ అంతే. వంగి నడిచిన ఏళ్లు అక్కడ పేరుకున్నాయి. పిట్టకు ఇంక్లైను కట్టిన మనిషి బాత్రూంలో పట్టుకోవడానికి ఒక రాడ్ వేయిస్తానంటే ఒప్పుకోలేదు. నాకు కోపం వచ్చింది. "పిట్టకైతే చేస్తవు, నీకు వద్దా?" అన్నాను. "దానికి నోరు లేదు, చూసి చేసిన. నాకు నోరున్నది. నేనడిగిన నాడు పెట్టు" అన్నాడు. ఆ మాటతో నేను చాలా రోజులు తర్కించుకున్నాను. ఆయన చెప్పిందే సరి. నోరులేని ప్రాణి దగ్గర గంటలు కూర్చుని గమనించాలి. నోరున్న మనిషి దగ్గర అడగాలి, వద్దంటే ఆగాలి. మనం తరచూ మనిషిని కూడా పిట్టను చూసినట్టు దూరం నుంచి చూసి, అవసరాలు మనమే తేల్చేస్తాం.

నోరు తెరిచి అడగడం అంటే రామాయణంలో సంపాతి గుర్తుకొస్తాడు. సూర్యుడి వేడి నుంచి తమ్ముడు జటాయువును కాపాడబోయి రెక్కలు కాలి వింధ్య మీద పడ్డవాడు. కొడుకు సుపార్శ్వుడు తెచ్చిన తిండితో బతికాడు. తమ్ముడి చావు వార్త వినగానే, రెక్కలు కాలినవాణ్ని, నన్ను ఈ కొండ మీంచి దించండి అని వానరుల్నే అడిగాడు. అంగదుడు దించాడు. తర్పణం వదలాలి, సముద్రం దగ్గరికి చేర్చండి అన్నాడు, చేర్చారు. ఆ మధ్యలోనే, నూరు యోజనాల అవతల లంకలో సీత ఉందని చెప్పింది ఆయనే. చివర్లో ఆయనకు రెక్కలు మళ్లీ మొలుస్తాయి, నిజమే. కానీ ఆ చూపు రెక్కలు లేనప్పటిది. ఎంత కావాలో అంతే నోరు తెరిచి అడిగి, మిగతాదంతా తాను చేసినవాడు.

మొన్న బాపు ఒకటి అడిగాడు. పంజరం నేల మీద ఉండటం పిట్టకు మంచిదే, తనకు మాత్రం కింద కూర్చుని లేవడం కష్టంగా ఉంది, దాన్ని పైకి ఎత్తాలన్నాడు. పైకి ఎత్తితే తెరిచిన తలుపులోంచి వచ్చిన పిట్ట నడుమంత ఎత్తు నుంచి పడుతుంది. తలుపు మూద్దామంటే ఆయనే ఒప్పుకోడు. రెండు రోజులు ఇద్దరం కొలతలు వేసుకున్నాం. చివరికి వెనక గదిలో వాడకుండా పడి ఉన్న దివాన్ మంచం మీదికి పంజరాన్ని చేర్చాం. మంచం మీద బొంత పరిచి, నాలుగు వైపులా జానెడు ఎత్తున పలకల అంచు కట్టాం. ఇంక్లైను ఇప్పుడు పంజరం తలుపు నుంచి బొంత మీదికి దిగుతుంది. బాపు కుర్చీ వేసుకుని కూర్చుంటే పిట్ట ఆయన చేతికి అందుతుంది. కాకపోతే కుర్చీ వైపు అంచు మోకాళ్లకు తగులుతోందట. ఆ పలకను అక్కడొక్క చోట ఇంకో నాలుగు వేళ్లు తగ్గించి, లోపలి వైపు గుడ్డ చుట్ట పెట్టాలి. రంపం పదును పెట్టించుకురమ్మన్నాడు.